పదేళ్లుగా రిస్పెరిడోన్: అక్క దవడ ఊరికే ఆడుతోంది

కృష్ణాతీరం: మా అక్కకి 41. స్కిజోఫ్రీనియాకి పదేళ్లుగా రిస్పెరిడోన్ వేసుకుంటోంది. మనిషి బాగుంది, వంటంతా తనే. కానీ మూడు నెలలుగా నోట్లో ఏమీ లేకపోయినా వక్కపలుకు నములుతున్నట్టు దవడ ఆడుతోంది, నాలుక కొస బయటికొచ్చి పోతోంది. తనకి తెలియనే తెలియదు. ఊరెళ్లినప్పుడు రెండు రోజులు మాత్ర మర్చిపోతే ఇంకా ఎక్కువైంది. మందు వల్లే వస్తే, మానితే తగ్గాలి కదా?

మందులషాపు: ఫార్మసిస్టునండి, డాక్టర్ని కాను. వినడానికి టార్డివ్ డిస్కినీసియాలా ఉంది, అంటే ఇలాంటి మందులు చాలాకాలం వాడితే వచ్చే, మన అదుపులో లేని కదలికలు. ఈ మందు మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే డి2 రిసెప్టర్లను మూసేస్తుంది. ఏళ్ల తరబడి మూసి ఉంచితే కణాలు ఊరుకోవు. రిసెప్టర్లను పెంచుకుంటాయి, ఉన్నవీ సున్నితమవుతాయి. పూర్తి కథ ఇదే కాదు గానీ, మాత్ర ఆపగానే కదలికలు ఎక్కువయ్యేది ఇందుకే. మూత తీసేసరికి మామూలు డోపమినే మోతాదు మించినట్టవుతుంది. పెట్ స్కాన్లలో తేలిందేమిటంటే, ఈ రిసెప్టర్లు సుమారు 65 శాతం మూసుకుంటే గుణం కనిపిస్తుంది, 80 దాటితే వణుకు, బిగుసుకుపోవడం పెరుగుతాయి. సొంతంగా మాత్రం ఆపకండి.

సిద్దిపేట_పిల్ల: నాకు ఇదే మందుతో ఏడు నెలలు పీరియడ్స్ రాలేదు, పైగా పాలొచ్చాయి. మా అత్తమ్మ నెల తప్పిందనుకుని సంబరపడింది! పిట్యూటరీ గ్రంథిలోనూ డి2 రిసెప్టర్లే ఉంటాయట. డోపమిన్ అక్కడ పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్‌కి కళ్లెం వేస్తుంది, మందు ఆ కళ్లెం వదిలించింది. డాక్టరమ్మ మెల్లగా అరిపిప్రజోల్‌కి మార్చారు. అది రిసెప్టర్‌ని పూర్తిగా మూయకుండా కొంచెం పని చేయనిస్తుందట. ఇప్పుడు నెలనెలా వస్తున్నాయి.

రాత్రిపెరుగన్నం: నాది ఒలాంజపిన్, ఇదే కోవ మందు. ఏడాదిలో 14 కిలోలు పెరిగాను. హెచ్1 హిస్టమిన్, 5హెచ్‌టీ2సీ సెరొటోనిన్ రిసెప్టర్లు మూసుకుంటే ఆకలికి అడ్డుండదు. పదకొండింటికి లేచి గిన్నె ఖాళీ చేసేవాణ్ని. చుట్టాలేమో "ఒళ్లు చేశావురా, సుఖపడుతున్నావు" అనేవారు.

గోదారిగట్టు: నాన్నగారికి క్లోజపిన్, అదీ ఈ కోవదే. తెల్లకణాలు పడిపోతాయేమోనని చేసే రక్తపరీక్ష గురించే అందరూ చెప్తారు, మలబద్ధకం సంగతి ఎవరూ చెప్పరు. పేగుల్ని కదిలించే మస్కరినిక్ రిసెప్టర్లు మూసుకుంటే వాటికి కదలికే ఉండదు. మేం తేలిగ్గా తీసుకున్నాం, ఆరో రోజు ఆస్పత్రిలో చేర్చాల్సొచ్చింది.

మందులషాపు: @కృష్ణాతీరం, అక్కగారికి ట్రైహెక్సీఫెనిడిల్ కూడా ఇస్తున్నారా? వణుకుకి మంచిదే, ఈ దవడ కదలికల్ని మాత్రం పెంచొచ్చు. డాక్టర్‌ని అడగండి. ఈ కదలికల్ని తగ్గించడానికి టెట్రాబెనజిన్ లాంటి మందులు ఉన్నాయి.

కృష్ణాతీరం: అవునండి, మొదటి నుంచీ పొద్దున ఒకటి వేస్తున్నాం. అక్క టీవీ చూస్తున్నప్పుడు వీడియో తీశాను, రెండు మాత్రల షీట్లూ సంచిలో పెట్టాను. సోమవారం వెళ్తున్నాం.