సమస్య: ఈసు లేని యింట నింపు లేదు

నిర్వాహకుడు: పొద్దున్నే నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఏడుపు పద్యం చదువుకుంటూ ‘ఈసునఁ బుట్టి’ దగ్గరే ఆగిపోయాను. ఎంత పాత మాట! ఇప్పుడందరం ఈర్ష్యే అంటాం. అందుకే ఇది ఆఖరి పాదంగా ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఆదివారం రాత్రి వరకు టైముంది.

కందమాల:
పూవు సవతి కిచ్చెఁ బురుషోత్తముఁడనుచు
సత్య యలిగినపుడె చక్రి వంగె
అలుక తీర్చు వేళ హాయి పెరుగుఁ గాదె
ఈసు లేని యింట నింపు లేదు

కృష్ణాతీరం: బాగుందండీ, కానీ తిమ్మన పేరు వినగానే ఎవరికైనా తోచే దారే కదా. నాది శివుడి ఈసు.
బిల్వపత్రమున్న బీదకు సిరియగు
భస్మమున్న మేన భయము తొలఁగు
శివుని తలపు లేక చేసిన పూజేల
ఈసు లేని యింట నింపు లేదు

పాలమూరు పంతులు: విరుపు భలే పట్టారు, ఈశుడు ఈసుడవుతాడు, కాదనను. మరి ‘డు’ ఏదండీ? రాముడు లేని ఇల్లంటాం గానీ రాము లేని ఇల్లనం కదా. మూడో పాదం చాలా నచ్చింది, అయినా ఆ ఒక్క డు లేక పూరణ నిలబడలేదు.

కృష్ణాతీరం: ఇంత పట్టింపున్న మీరే పోయిన నెల కందంలో కరుణకూ కఱవుకూ ప్రాస కలిపి, ఱ ఇప్పుడెవరు పలుకుతున్నారని రెండు రోజులు వాదించారు.

పాలమూరు పంతులు: అది తప్పే, ఒప్పుకుంటున్నా. డు మాత్రం వదలను.

కందమాల: కృష్ణాతీరం గారూ, తోచే దారే, కానీ ఆ మాటకు సరిపోయే దారి కూడా అదే. సంస్కృతంలో ఈర్ష్యా, పాళీలో ఇస్సా, ప్రాకృతంలో ఈసా, మన దగ్గర ఈసు. అంత బరువైన ర్ష్య అరిగి ఒక్క స మిగిలింది. అమరకోశం ఈర్ష్యను అక్షాంతి అంటుంది, అంటే ఓర్వలేమి. ఎదుటివాడి మంచిగుణంలో కూడా దోషం ఎంచితే అది అసూయ. మనం రెంటినీ కలిపేసి వాడుతున్నాం. సత్యది ఈసు, పువ్వు తనకు దక్కలేదన్న ఓర్వలేమి, అందుకే ఆయన వంగితే తీరింది. అసూయైతే కృష్ణుడు కాళ్ల మీద పడ్డా తీరదు.

పాలమూరు పంతులు: అక్కా, ఈ మాట ముందే చెప్పుంటే నేనూ ఒకటి రాసేవాణ్ణి.

నిర్వాహకుడు: ‘చక్రి వంగె’ ఈ వారానికి నాకు నచ్చిన ముక్క. కృష్ణాతీరం గారూ, ఆ మూడో పాదం వదులుకోకండి, ఇంకో పూరణలో పెట్టి పంపండి.