కొట్టం గోడల్లో దాక్కున్న పిడుదులను ఎలా వదిలించాలి?

మాది కనిగిరి దగ్గర పల్లె. పోయిన నెల మా జెర్సీ ఆవుకు 106 డిగ్రీల జ్వరం వచ్చి, జబ్బ ముందు గడ్డ నిమ్మకాయంత వాచింది. రక్తం పరీక్ష చేసి థైలీరియా అనే జబ్బన్నారు, పిడుదుల వల్లేనట. బూపర్వాకోన్ సూదితో బతికింది గానీ పాలు సగానికి పడిపోయాయి.

పిడుదులను చంపే డెల్టామెత్రిన్ మందు లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు కలిపి ఒళ్లంతా పిచికారీ చేశాను. వారం తిరక్కుండానే చెవుల్లో, పొదుగు పక్కన, తోక కింద మళ్లీ కందిగింజల్లా పట్టుకున్నాయి. రాత్రి టార్చి వేసి చూస్తే రాతిగోడ సందుల నిండా అవే. ఆడ పిడుదు రక్తం తాగి రాలిపడి, అలాంటి చోటే వేలల్లో గుడ్లు పెడుతుంది కదా. గోడలకూ ఇదే మందు కొట్టొచ్చా? ఎన్ని రోజులకోసారి కొట్టాలి? పైన తాటాకు కప్పు, మంటతో కాల్చలేను. మూడు నెలల దూడ ఆ గోడలే నాకుతుంటుంది, నా భయమంతా దాని గురించే. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.