ప్రభుత్వ నివేదికలో లేని సంగతిని ఒడంబడిక కమిటీకి మనం ఎలా తెలపాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం పనిచేసే చిన్న సంస్థ మాది, ఉన్నదే నలుగురం. బాలల హక్కుల ఒడంబడిక అమలు గురించి మా ప్రభుత్వం ఇటీవల ఐక్యరాజ్యసమితి కమిటీకి నివేదిక సమర్పించింది. అందులో బడులన్నింటికీ ర్యాంపులు కట్టించామని రాశారు. కట్టిన మాట నిజమే. కానీ మేము వెళ్లి చూసిన ఒక బడిలో ర్యాంపు ఎక్కగానే ఎదురయ్యే గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ప్రధానోపాధ్యాయుడు కూడా చెప్పలేకపోయారు. ఇటువంటి సంగతులను మావంటి వాళ్లు కమిటీకి నేరుగా తెలపవచ్చా? అందుకు మా సంస్థకు ఐక్యరాజ్యసమితి గుర్తింపు ఏదైనా ఉండాలా?

జవాబు:
నేరుగా తెలపవచ్చు, గుర్తింపు అవసరం లేదు. మీరు వినివుండే ‘సంప్రదింపుల హోదా’ అనే గుర్తింపును స్వచ్ఛంద సంస్థలకు ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి ఇస్తుంది. మానవ హక్కుల మండలి సమావేశంలో మాట్లాడాలంటే అది కావాలి. ఒడంబడిక కమిటీకి రాతపూర్వకంగా సమాచారం పంపడానికి మాత్రం అది లేకపోయినా అడ్డు లేదు. ఈ రెండింటినీ కలిపేసుకుని, మనకు అర్హత లేదేమోనని వెనక్కి తగ్గిన సంస్థలను నేను చాలా చూశాను. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 45వ అధికరణంలోనే యునిసెఫ్‌తో పాటు ‘ఇతర సమర్థ సంస్థల’ సలహాను కమిటీ కోరవచ్చునని ఉంది. స్వచ్ఛంద సంస్థలు ఆ వాక్యం పట్టుకునే లోపలికి వచ్చాయి. 2006 నాటి వైకల్యం గల వ్యక్తుల హక్కుల ఒడంబడిక ఇంకా ముందుకు వెళ్లి, అమలు పర్యవేక్షణలో పౌర సమాజం, ముఖ్యంగా వైకల్యం ఉన్నవారి సొంత సంస్థలు పూర్తిగా పాల్గొనాలని 33వ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. మీ ప్రభుత్వం దాన్ని కూడా ధ్రువీకరించి ఉంటే ఇదే సమాచారం ఆ ఒడంబడిక కమిటీకీ పనికివస్తుంది.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసినది గడువు. పాత పద్ధతిలో ప్రభుత్వం నివేదిక ఇచ్చాక కమిటీ ఒక ప్రశ్నల జాబితా తయారుచేసి పంపుతుంది, ప్రభుత్వం రాతలో జవాబిస్తుంది, ఆ తరువాతే జెనీవాలో కమిటీకి, ప్రభుత్వ ప్రతినిధులకు మధ్య ముఖాముఖి బహిరంగ చర్చ జరుగుతుంది. సరళీకృత పద్ధతిలో ప్రశ్నల జాబితానే ముందు వెళ్తుంది, దానికి ఇచ్చే జవాబే ప్రభుత్వ నివేదిక అవుతుంది. మీ దేశం ఏ పద్ధతిలో ఉందో, ఇప్పుడు ఏ దశ నడుస్తోందో మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం వెబ్‌సైటులో చూడండి. ప్రశ్నల జాబితా ఇంకా ఖరారు కాకపోతే మీ అదృష్టమే, ఎందుకంటే జాబితాలోకి ఎక్కిన విషయానికి ప్రభుత్వం రాతపూర్వకంగా జవాబు చెప్పి తీరాలి. బహిరంగ చర్చ మామూలుగా మూడేసి గంటల రెండు సమావేశాల్లో ముగుస్తుంది. ఆ ఆరు గంటల్లో దేశంలోని పిల్లల సమస్తమూ రావాలి. పైగా ఆ చర్చలో మనకు మాట్లాడే అవకాశం ఉండదు, వెనుక కూర్చుని వినడమే. మన మాట చెల్లేది అంతకు ముందే, ప్రభుత్వ ప్రతినిధులు లేకుండా కమిటీ జరిపే అంతరంగిక సమావేశంలో.

ఇక రాయడం. మనవంటి సంస్థలు కమిటీకి పంపే ఈ నివేదికను ‘ఛాయా నివేదిక’ అంటారు గానీ ఆ పేరు కొంత దారి తప్పిస్తుందని నా అభిప్రాయం. ప్రభుత్వ నివేదికకు నీడలా ప్రతి పేరాకూ ఖండన రాయాలని కొత్తవాళ్లు అనుకుంటారు. అంత అక్కరలేదు. కమిటీలో ఉండే 18 మంది నిపుణులు ఒక్కో విడతలో చాలా దేశాల కాగితాలు చదవాలి. “వైకల్యం ఉన్న పిల్లలపై తీవ్ర నిర్లక్ష్యం కొనసాగుతోంది” అని రాస్తే ఎవరూ కాదనరు, ఎవరూ గుర్తుపెట్టుకోరు. దానికి బదులు, ప్రభుత్వ నివేదికలో ఫలానా పేరాలో ర్యాంపుల గురించి ఇలా ఉందని, మీరు ఫలానా కాలంలో ఇన్ని బడులు చూశారని, వాటిలో ఎన్నింటిలో గేటు మూసి ఉందో, ఎన్నింటిలో మరుగుదొడ్డి తలుపు చక్రాల కుర్చీ పట్టనంత ఇరుకుగా ఉందో రాయండి. చూడని బడుల గురించి ఒక్క మాటా రాయకండి. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా పేజీలను కూడా ప్రభుత్వం కొట్టిపారేస్తుంది. చివర ఒడంబడికలోని 23, 28 అధికరణాలను చూపి, కమిటీ యథాతథంగా వాడుకోగలిగేలా ఒక ప్రశ్న, ఒక సిఫారసు రాసి పెట్టండి. “ర్యాంపులు కట్టాక అవి వాడుకలో ఉన్నాయో లేదో తనిఖీ చేసే బాధ్యత ఎవరిది?” అన్నది అటువంటి ప్రశ్న.

మరొకరి జవాబు:
పై జవాబుకు చిన్న చేర్పు. ఒంటరిగా పంపడం కన్నా ఇతర సంస్థలతో కలిసి ఉమ్మడి నివేదిక పంపితే బలం ఎక్కువ. చైల్డ్ రైట్స్ కనెక్ట్ అనే కూటమి ఇటువంటి సంస్థలకు సాయం చేస్తుంది. పిల్లలే స్వయంగా రాసి పంపినా కమిటీ స్వీకరిస్తుంది.

అడిగినవారు:
ఎంతో మేలు చేశారు. ఒక్క భయం మిగిలింది. బడి పేరు రాస్తే, మాతో మాట్లాడిన ఉపాధ్యాయులకు ఇబ్బంది రాదా?

జవాబు:
రావచ్చు, కనుక బడి పేరు, మనుషుల పేర్లు రాయకండి. ఏ ప్రాంతమో, ఎటువంటి బడో చెబితే చాలు. మీరు పంపేది మామూలుగా వెబ్‌సైటులో అందరికీ కనబడుతుంది. బయటపెట్టవద్దనుకుంటే ఆ మాట పంపేటప్పుడే స్పష్టంగా రాయాలి. కమిటీకి సహకరించినందుకు ఎవరినైనా బెదిరించినా, కక్ష సాధించినా ఏం చేయాలో చెప్పే సాన్ హోసే మార్గదర్శకాలను 2015లో మానవ హక్కుల ఒడంబడికల కమిటీల అధ్యక్షులు ఆమోదించారు. అటువంటిదేదైనా జరిగితే ఆలస్యం చేయకుండా కమిటీ కార్యదర్శివర్గానికి రాయండి.

ఇంకొకటి. చర్చ ముగిశాక కమిటీ ‘ముగింపు పరిశీలనలు’, అంటే ఆ దేశం గురించి తన అభిప్రాయాలు, సిఫారసులు, ప్రచురిస్తుంది. అవి వచ్చిన వారంలోనే మీ అంశం ఉన్న పేరాను మీ భాషలోకి తెచ్చి, సంబంధిత శాఖకు ఉత్తరం జతచేసి ఇవ్వండి, అందినట్టు రసీదు తీసుకోండి. తరువాతి నివేదిక రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ రసీదు, మళ్లీ వెళ్లి చూసిన తేదీ, గేటు ఫొటో మీ ఫైలులో ఉండాలి.