“పరభృతాః”లోని దీర్ఘం

ఛందోభిమాని: కాళిదాసు నాటకం శాకుంతలం అయిదో అంకంలో దుష్యంతుడు శకుంతలను నిందించే “స్త్రీణామశిక్షితపటుత్వం” శ్లోకం చివరి పాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. స్త్రీలకు నేర్పకుండానే చాతుర్యం వస్తుందనీ, కోయిలలు ఆకాశంలో ఎగరడానికి ముందు తమ సంతానాన్ని వేరే పక్షుల చేత పెంపిస్తాయనీ ఆ శ్లోకం భావం. నాకు “అన్యైర్ద్విజైః పరభృతః ఖలు పోషయన్తి” అని నోటికి వస్తోంది; నా దగ్గరి ప్రతిలో “పరభృతాః” అని ఉంది. విసర్గ ఉన్నందున హ్రస్వమైనా దీర్ఘమైనా ఆ అక్షరం గురువే కాబట్టి ఈ శ్లోకపు ఛందస్సయిన వసంతతిలకం మనకు సాయపడదు. అమరకోశ నిఘంటువు ప్రకారం పరభృతం (పరుల చేత పెంచబడినది) కోయిల, పరభృత్తు (పరులను పెంచేది) కాకి; అంటే “పరభృతాః” అయితే కోయిలలు, “పరభృతః” అయితే కాకులు. నాది పొరపాటేనా?

పికప్రియ: పొరపాటేనండీ. తమ సంతానాన్ని “అన్యైర్ద్విజైః” (వేరే పక్షుల చేత) పెంచుకొనేవి కోయిలలే. పైగా నింద స్త్రీల మీద కాబట్టి స్త్రీలింగ బహువచనమే తగినది. నా మనసు మాత్రం “ప్రాగన్తరిక్షగమనాత్” (ఆకాశంలో ఎగరడానికి ముందు) దగ్గర ఆగుతుంది. ఆ ఎగరడం పిల్లదని సాధారణంగా చెబుతారు గానీ, నాకు బిడ్డను మాలినీ తీరాన విడిచి ఆకాశానికి వెళ్లిపోయిన మేనక కనిపిస్తుంది. శకుంతాలు (పక్షులు) కాపాడగా కణ్వుడు పెంచిన శకుంతల తానే పరభృత. సభలో ఆ మాట ఆమెకు ఎంత లోతుగా గుచ్చుకొని ఉంటుందో చూడండి.

వేపచెట్టు: పిల్ల ఎగరడమే అనుకున్నా “ప్రాక్” (ముందు) అన్న మాట పూర్తిగా పొసగదు. గూడు విడిచిన కోయిల పిల్ల మా వాకిటి వేపకొమ్మ మీద రెక్కలు అల్లాడిస్తూ నోరు తెరిస్తే, కాకి వచ్చి దాని గొంతులో మెతుకులు కుక్కి వెళ్లడం నేను కళ్లారా చూశాను. అలాగని కాకికి కాపలా తెలియదనుకోకూడదు. గూటి దరిదాపుల్లో కోయిల కనబడితే వెంటపడి తరుముతుంది. నల్లని మగకోయిలను తరుముతూ కాకులు దూరమైన సమయంలోనే ఒంటినిండా చుక్కలున్న ఆడది గుడ్డు పెట్టిపోతుంది. తన గుడ్డుకన్నా చిన్నదైన ఆ గుడ్డును మాత్రం కాకి పారవేయకుండా పొదుగుతుంది.

అక్షరసాక్షి: “అశిక్షితపటుత్వం” (నేర్పకుండానే వచ్చే నేర్పు) అన్న మాటకు ఎదురుసాక్ష్యం ఆస్ట్రేలియాలో ఉంది. సూపర్బ్ ఫెయిరీరెన్ అనే చిన్న పిట్ట గుడ్లను పొదుగుతూనే ఒక ప్రత్యేకమైన కూత వినిపిస్తుందనీ, పిల్లలు ఆ కూతలోని స్వరాన్నే ఆకలి అరుపులో పలుకుతాయనీ 2012లో పరిశోధకులు ప్రకటించారు. గుడ్లను వేరే గూటిలోకి మార్చినప్పుడు పిల్లలు పెంపుడుతల్లి స్వరాన్నే పలికాయి. ఆ స్వరం పలకలేని కోకిల జాతి పిల్లను తల్లి గుర్తుపట్టి వదిలివేసే అవకాశం ఎక్కువ. ఇది గుడ్డులోనే నేర్చిన శిక్షితపటుత్వం.

వేపచెట్టు: ఛందోభిమాని గారి హ్రస్వానికి ఒక దారి ఉందనిపిస్తోంది. పాణిని వ్యాకరణంలోని “వృద్ధో యూనా” సూత్రాన్ని బట్టి సహ (కూడ) అనే శబ్దం లేకపోయినా సహార్థంలో, అంటే ‘తో కలిసి’ అనే అర్థంలో, తృతీయా విభక్తి వస్తుంది. అప్పుడు “కాకులు పరాయి పక్షులతో కలిపి తమ సంతానాన్ని పోషిస్తాయి” అని అర్థం. కోయిల పిల్ల సాధారణంగా తోటి కాకిపిల్లలను గూటినుంచి తోసివేయదు. రెండూ కలిసే పెరుగుతాయి.

పికప్రియ: అలా చదివితే శకుంతల మీద నింద ఏమవుతుంది? కాకి మోసపోయిన పక్షి గదా.

ఛందోభిమాని: అందుకే నా హ్రస్వాన్ని నేను ఇంకా వదులుకోలేకపోతున్నాను, మోసపోయింది తానేనని దుష్యంతుడు అనుకుంటున్న ఘట్టం అది. పాత తాళపత్ర ప్రతులు చూసినవారు ఆ ఒక్క అక్షరం ఎలా ఉందో చెప్పగలరా?