మెయిన్ దించినా మీటరు ఆగట్లేదు, బిల్లు 412 యూనిట్లు

గుత్తిరోడ్డు: అన్నా, మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల వాచిపోయింది. అనంతపురంలో పోయినేడు కొన్న ఇల్లు, మేం పైన ఉంటాం. మార్చిలో 215 యూనిట్లు వస్తే మే బిల్లు 412. ఏసీ ఒక్కటే, అదీ రాత్రిపూట, 26 మీద. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశా. గీజర్ ఎండాకాలం ముట్టనే ముట్టం. చివరికి మెయిన్ దించేసినా మీటరు ఎర్రలైటు టకటకా కొట్టుకుంటోంది. ఇంటికొచ్చి ఎనర్జీ ఆడిట్ చేసేవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారా? లేక మీటరే తప్పా?

ఫేజ్‌న్యూట్రల్: లైటు నిమిషానికి ఎన్నిసార్లు? మీటరు మీద ఇంపల్స్ నంబరు, అంటే యూనిట్‌కు లైటు ఎన్నిసార్లు కొట్టుకోవాలో, అది ఎంత?

మిద్దెమనిషి: తమ్ముడూ, లైట్లు తర్వాత లెక్కపెట్టుకో. పైన ఉంటామన్నావు చూడు, అసలు రోగం అక్కడుంది. స్లాబు పగలంతా కాగి అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి దించుతూనే ఉంటుంది. నీ ఏసీ చల్లబరుస్తున్నది నిన్ను కాదు, కాంక్రీటును. మా తాతల మట్టిమిద్దెల మీద చౌడుమట్టి మందంగా పరిచేవాళ్ళు, మే నెల మధ్యాహ్నం కూడా లోపల కునుకు పట్టేది. ఇప్పుడు మట్టి వేయమనను, తెల్ల సున్నం రెండు పూతలు కొట్టించడానికేం? మిద్దెలు వేడెక్కకుండా తెలంగాణలో 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చారు. మనవాళ్ళేమో మిద్దె మీద నల్లషీటు పరిచి, కింద ఇంకో ఏసీ కొంటారు.

ఫేజ్‌న్యూట్రల్: మెయిన్ దించినా తిరిగే మీటరు సున్నంతో ఆగదు. నంబర్లు చెప్పండి.

గుత్తిరోడ్డు: 3200 అని ఉంది. నిమిషానికి 80 దాకా వచ్చింది. సున్నం కొట్టించే ఉంది సార్.

రేకులషెడ్డు: ఎర్త్ లీకేజీ, కరెంటు భూమిలోకి పోతోంది. పక్కా. మీటర్లో దాన్ని చూపే ఈఎల్ లైటు వెలుగుతోందేమో చూడండి.

ఫేజ్‌న్యూట్రల్: 80ని 60తో గుణించి 3200తో భాగిస్తే ఒకటిన్నర. అంటే 1.5 కిలోవాట్లు. లీకేజీలో అంత పోవడం అరుదు. ఏదో నడుస్తోంది.

పొద్దుతిరుగుడు: ఒకటిన్నర యూనిట్‌కు ఇంత గొడవా? మూడు కిలోవాట్ల సోలార్ పెట్టేయండి, కేంద్రం సూర్యఘర్ పథకంలో 78 వేలు సబ్సిడీ. మన ఎండకు రోజుకు 12 యూనిట్లు ఎటూ పోవు.

ఫేజ్‌న్యూట్రల్: యూనిట్ కాదు, కిలోవాట్. అలా గంట నడిస్తే ఒకటిన్నర యూనిట్.

పొద్దుతిరుగుడు: రెండూ ఒకటే కదా బ్రో, బిల్లు మీద కూడా కిలోవాట్ అనే ఉంటుంది.

రేకులషెడ్డు: అది కాంట్రాక్టు లోడు, ఒకేసారి ఎంత వాడుకోవచ్చో ఆ లెక్క, ఫిక్స్‌డ్ చార్జి కోసం. అయినా అసలు దెబ్బ వేరే. 400 దాటితే మొత్తం యూనిట్లకూ 9.75 పడుతుంది.

మిద్దెమనిషి: తప్పు. దాటిన యూనిట్లకే ఆ రేటు. వాడకాన్ని బట్టి ఇళ్ళను గ్రూపులు చేసే పాత పద్ధతి 2022లోనే పోయింది. ఇతనికి 9.75 పడేది 12 యూనిట్లకు.

ఫేజ్‌న్యూట్రల్: మోటరు ఉందా?

గుత్తిరోడ్డు: బోరు మోటరా? ఉంది, ఒకటిన్నర హెచ్‌పీ. అందరిళ్ళలో ఉండేదే కదా, ఏం రాస్తాం. స్టార్టరు కింద అద్దెకున్నవాళ్ళ వరండాలో ఉంది, వాళ్ళకు వేరే మీటరు. ఇప్పుడే దిగి చూశా, నీళ్ళు ఎక్కిస్తున్నారు.

ఫేజ్‌న్యూట్రల్: మెయిన్‌కు ముందే మీ మీటరు నుంచి లైను లాగి ఉంటారు. మోటరు ఆపించి లైటు చూడండి. రోజుకు ఎన్ని గంటలు నడుపుతారు?

గుత్తిరోడ్డు: ఆపితే లైటు కూడా ఆగింది! మార్చిలో గంటకే ట్యాంకు నిండేది. ఇప్పుడు నాలుగు గంటలు, మధ్యమధ్య గాలి కొడుతుంది.

ఫేజ్‌న్యూట్రల్: పెరిగింది మూడు గంటలు, నెలకు 135 యూనిట్లు. మిగతాది ఏసీ, ఫ్యాన్లు. నీళ్ళు అడుక్కు పోయాయో, పైపుకు చిల్లు పడి ఎక్కిన నీళ్ళు మళ్ళీ బోర్లోకే పడుతున్నాయో, పైపు లాగితే తెలుస్తుంది. గాలి తాగుతూ నడిస్తే మోటరు కాలుతుంది, నీళ్ళు అందకపోతే దాన్ని ఆపేసే డ్రై రన్ ప్రొటెక్షన్ పెట్టించండి. ఆడిట్‌కు మనిషెందుకు? రోజూ ఒకే టైముకు రీడింగు రాసుకోండి. ఫ్రిజ్ స్టిక్కర్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. పాత ఫ్యాను 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 30 దగ్గర.

మిద్దెమనిషి: ముందు ఇంకుడుగుంత తీయించు తమ్ముడూ.

పొద్దుతిరుగుడు: పగలు మోటరు నడిపే ఇంటికే సోలార్ కలిసొచ్చేది. చెప్తే వినరు.

గుత్తిరోడ్డు: పైపు లాగేవాళ్ళు ఆదివారం దాకా ఖాళీ లేదన్నారు. థ్యాంక్స్ అన్నా. మోటరు కరెంటులో కిందివాళ్ళను సగం అడగొచ్చా?

రేకులషెడ్డు: దానికి వేరే పోస్టు పెట్టండి సార్.