తిరుపతి ఎండల్లో అడీనియం, కాక్టస్ నారు నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న – మిద్దెతోట, తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద కుండీల్లో సక్యులెంట్ మొక్కలు (ఆకుల్లో, కాండంలో నీరు దాచుకునేవి) పెంచుతున్నాను. పెద్ద మొక్కలతో ఏ ఇబ్బందీ లేదు. కొమ్మ కత్తిరించి నాటినవి కూడా చక్కగా వేళ్ళు పోసుకుంటున్నాయి. విత్తనం వేసి నారు తీయడం దగ్గరే చిక్కు వస్తున్నది. ఫిబ్రవరి చివర్లో అడీనియం (ఎడారి గులాబీ), కాక్టస్, గులాబీలా ఆకులు పేర్చుకునే ఎఖెవేరియా, గులకరాళ్ళలా కనిపించే లితాప్స్ విత్తనాలను వేర్వేరు ట్రేలలో చల్లాను. అడీనియం వారం తిరగకముందే దాదాపు అంతా మొలిచింది, కాక్టస్ ఆవగింజంత పచ్చటి బుడిపెలుగా పైకి వచ్చింది. ఎఖెవేరియా అక్కడక్కడా లేచింది, లితాప్స్ మాత్రం మొలిచిన కొన్నీ నిలబడలేదు.

ఏప్రిల్ వచ్చాక అడీనియం నారు కూడా పడిపోవడం మొదలైంది. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక తెల్లవారేసరికి పక్కకు ఒరిగి ఉంటుంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. మట్టిని ఆనుకున్న చోట కాండం మాత్రం మెత్తబడి దారంలా సన్నబడిపోయి ఉంటుంది. ట్రేలు నల్ల ప్లాస్టిక్‌వి, మిశ్రమం కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు చెరి సగం. తేమ ఆరిపోకూడదని పైన పారదర్శకమైన మూతలు పెట్టి, ఆకుపచ్చ షేడ్ నెట్ కింద ఉంచాను. ఎండకు మాడుతున్నాయని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. రెండు పూటలా నీళ్ళు పోయమని మొక్కలు అమ్మినవారు చెప్పారు. ఎడారి మొక్కలకే మన ఎండ సరిపడకపోతే కారణమేమిటో, ఈ నారులో మిగిలినదాన్నైనా కాపాడుకునే దారి ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – వృక్షశాస్త్రం టీచర్, చిత్తూరు

మీరు వర్ణించినది ఎండదెబ్బ కాదండీ, నారుకుళ్ళు తెగులు. ఎండకు దెబ్బతిన్న మొలకలో ముందుగా ఆకు కొసలు, అంచులు ఎండుతాయి, లేదా ఎండ తగిలిన వైపు కాండం మీద పాలిపోయిన మచ్చ పడి తరువాత గోధుమరంగుకు తిరుగుతుంది. ఆకు పచ్చగా ఉండగానే మొదలు మెత్తబడి మొలక వాలిపోయిందంటే, అది మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవుల పని. మన రైతులు మిరప, టమాటా నారుమళ్ళలో చూసే తెగులే ఇది. అడీనియం ఎడారి నుంచి వచ్చిందని దాన్ని వదిలిపెట్టదు. సగం వర్మికంపోస్టు ఉన్న మిశ్రమం, రెండు పూటలా నీళ్ళు, గాలి ఆడనివ్వని మూత, కింద వేడెక్కే నల్ల ట్రే – ఈ నాలుగూ ఒకచోట చేరితే ఆ తెగులుకు అంతకంటే అనువైన చోటు దొరకదు. ఇవే మొలకలు ఇంతే వేడిని, వేళ్ళ చుట్టూ గాలి ఆడుతూ ఉంటే, చాలావరకు తట్టుకుంటాయి.

ఎడారి మొక్క అన్న పేరు పెద్ద మొక్కకు సరిపోతుంది గాని మొలకకు సరిపోదు. అడీనియం మొదలు లావెక్కి నీరు నిల్వ చేసుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా దానికి తోలు పలచన, వేళ్ళు పైపైనే, లోపల నిల్వ బొత్తిగా తక్కువ. అరిజోనా ఎడారిలో మహావృక్షాల్లా పెరిగే సగ్వారో కాక్టస్ సైతం చిన్నతనంలో పాలోవెర్డే వంటి చెట్ల నీడ చాటున బతికి బట్టకట్టినదే. అంత దూరం పోనక్కరలేదు, మన శేషాచలం కొండల్లో కుండేటి కొమ్ములు అనే సక్యులెంట్ మొక్కలు ఎక్కడ పెరుగుతాయో చూడండి; రాళ్ళ సందుల్లో, పొదల మొదళ్ళ దగ్గరే ఎక్కువగా కనిపిస్తాయి. (చూడటం వరకే, అది జీవావరణ రిజర్వు, అక్కడి మొక్కలను పెకలించకూడదు.)

ఇప్పుడు చేయవలసిన పని చెబుతాను. వాలిన మొలకలను వాటి చుట్టూ ఉన్న చారెడు మట్టితో సహా తీసి పారేయండి. మూతలు తీసేయండి, అడీనియంకు మొలిచాక మూతతో పనే లేదు, కాక్టస్ ట్రేకు మాత్రం రోజూ కొంచెం కొంచెంగా ఎడం చేస్తూ వారం పది రోజుల్లో పూర్తిగా తీయవచ్చు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగిలిన నారు మొదళ్ళు తడిసేలా ఒకసారి పోసి, ఆ తరువాత పైమట్టి ఆరేదాకా నీరు ఆపండి. ట్రైకోడెర్మా విరిడె కూడా మేలు చేస్తుంది గాని దాన్ని రాగి మందుతో కలిపి వాడకూడదు. అది కూడా శిలీంధ్రమే కనుక మందు దాన్నీ దెబ్బతీస్తుంది. దాన్ని వచ్చే విత్తుకు ముందే మిశ్రమంలో కలుపుకోండి.

జవాబు – ముళ్ళమొక్కలు, పలమనేరు

పైన టీచర్ గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. అయితే ఆ నాలుగు రకాలనూ ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం. మిశ్రమం మార్చినంత మాత్రాన తిరుపతిలో లితాప్స్ నారు వేసవి దాటుతుందని నేను చెప్పలేను.

మనం పగటి ఎండనే లెక్కపెడతాం, కానీ ఈ జాతి మొక్కల్లో చాలావాటికి రాత్రి చల్లదనం అంతకంటే ముఖ్యం. ఇవి పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, మాలిక్ ఆమ్లంగా దాచుకుని మరునాడు వెలుగులో వాడుకుంటాయి. మే నెలలో మీ దగ్గర 40 డిగ్రీలు దాటే పగలు ఒక ఎత్తు, 27, 28 డిగ్రీల కిందికి దిగని రాత్రి మరొక ఎత్తు. అటువంటి రాత్రుల్లో అవి పీల్చుకునేది తగ్గుతుంది, శ్వాసక్రియలో ఖర్చయ్యేది పెరుగుతుంది. ఎఖెవేరియా జాతులు ఎక్కువగా మెక్సికో ఎత్తుభూములకు చెందినవి, లితాప్స్ దక్షిణాఫ్రికా, నమీబియా మొక్క; రెండూ చల్లని రాత్రులకు అలవాటుపడినవే. చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి మా వైపు వస్తే రాత్రి గాలిలో తేడా ఒంటికే తెలుస్తుంది. ఎఖెవేరియా మా దగ్గర నిలిచి మీ దగ్గర నిలవకపోవడంలో మీ పనితనం లోపమేమీ లేదు.

కాబట్టి తిరుపతిలో విత్తనం వేసేవారు అడీనియం, పాకిపోడియం, వేడికి ఓర్చే యుఫోర్బియాలు, మెలోకాక్టస్, డ్రాగన్ ఫ్రూట్ వంటివాటిని ఎంచుకుంటే శ్రమకు ఫలితం ఉంటుంది. లితాప్స్ తప్పక కావాలంటే అక్టోబరు తరువాత వాన చినుకు తగలని చోట వేసి, వేసవిలో కొంత పోతుందని ముందే అనుకోవాలి. కాక్టస్‌కు జనవరి మంచిది. రోహిణి కార్తె వచ్చేలోగా కొంత బలం పుంజుకుంటుంది. అడీనియం విత్తనం తాజాగా ఉన్నంత బాగా మొలుస్తుంది కనుక, మీ మొక్కకే కొమ్ముల జంటలా కాయలు కాస్తే అవి పగలకముందే దారంతో చుట్టి ఉంచండి. పగిలిందంటే రెండు కొసలా దూది కుచ్చులున్న ఆ విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి. తల్లి పువ్వు రంగే పిల్లకు వస్తుందన్న హామీ మాత్రం లేదు, అందుకే రంగు కోరేవారు అంటుకడతారు. దాని పాలు విషం. ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. నారు తిరగనాటాక చేతులు కడుక్కోవాలి.

జవాబు – కుండీలు మట్టి, తిరుపతి

నేను మీ ఊరివాడినే కనుక మిద్దె గురించే చెబుతాను. మన శ్లాబు పగలు తాగిన వేడిని సూర్యాస్తమయం తరువాత చాలాసేపు కక్కుతూనే ఉంటుంది. ట్రేను దాని మీదే పెడితే పలమనేరువారు చెప్పిన వేడి రాత్రి వేళ్ళకు ఇంకా వేడిగా మారుతుంది. నల్ల ట్రే మాని, అడుగున చిల్లులు పెట్టిన తెల్లటి థర్మోకోల్ పెట్టెగాని వెడల్పాటి మట్టి మూకుడుగాని వాడి, కింద గాలి తిరిగేలా స్టాండు మీద ఉంచండి. మూకుడు పక్కల నుంచి నీరు ఆవిరవుతూ మట్టిని చల్లగా ఉంచుతుంది. అయితే త్వరగా ఆరుతుంది కనుక చిన్న కాక్టస్ మొలకలకు థర్మోకోలే నయం.

మిశ్రమానికి రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు ఇటుక నలుసు, ఒక పాలు కొబ్బరి పొట్టు చాలు. స్వర్ణముఖి ఇసుక దొరికితే జల్లించి, దుమ్ము పారేసి, జల్లెడలో నిలిచిన ముతక గింజనే తీసుకోండి. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, నీళ్ళు మార్చి మార్చి కడగాలి. ఇటుక కొట్టేటప్పుడు వచ్చే పొడిని కూడా జల్లించి తీసేయాలి, లేకపోతే అది అడుగున పేరుకుని నీరు దిగనివ్వదు. మన ఎండకు ఒక ఉపకారం కూడా ఉంది: తడిపిన మిశ్రమాన్ని పారదర్శకమైన పాలిథీన్ కవరులో పలచగా పరిచి మే నెలంతా మిద్దె మీద వదిలేస్తే తెగులు బీజాలు చాలావరకు నశిస్తాయి.

నీళ్ళ విషయంలో నాది కొంచెం భిన్నమైన మాట. తెల్లవారుజామునే పోయాలని అందరూ చెబుతారు, మామూలు రోజుల్లో అది సరే. మే నెలలో మాత్రం పొద్దు గుంకాక పోస్తేనే కుండీ చల్లబడుతుందని నా అనుభవం. పైనుంచి కాక, పళ్ళెంలో నీరు పోసి ట్రేను అందులో ఉంచి, పైమట్టి రంగు మారగానే తీసేయండి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీటిని, ఎండలో పడి ఉన్న పైపులోని నీటిని నారుకు తగలనివ్వకండి; చేయి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. నవంబరు ముసురులో నీటి మాటే మరిచిపోయి ట్రేలను రేకుల కిందికి చేర్చండి.

మిద్దెతోట, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. మూతలు తీసేశాను, రాగి మందు రేపు పోస్తాను. ఎఖెవేరియా విత్తనాలు మిగిలినవి పలమనేరులోని మా బంధువులకు పంపుతాను. షేడ్ నెట్ ఆకుపచ్చది ఉంచవచ్చా, మార్చాలా?

కుండీలు మట్టి, తిరుపతి

వీలైతే 50 శాతం తెల్ల నెట్ వేయండి. ఆకుపచ్చదాని కింద మొలకలు వెలుతురు చాలక బక్కగా సాగుతాయి, నల్లది తానే వేడెక్కుతుంది. ఏ రంగుదైనా ట్రేకు దగ్గరగా కట్టకుండా నిలువెత్తు కంటే పైన కట్టి, పడమటి వైపు కూడా కిందికి దించండి. ఏటవాలుగా వచ్చే మూడు గంటల ఎండను పైకప్పు ఆపలేదు.