‘అట’, ‘ఆస’: చారిత్రక నవలలో సాక్షి ఎవరు?

పురాణాన్నీ చరిత్రనీ కలిపి రాసే పోస్ట్‌మోడర్న్ నవలల్లో (అంటే చరిత్రకి ఒకే కథనం ఉంటుందని నమ్మని నవలల్లో) సాక్షి ఎవరు అనే ప్రశ్న ఉంది కాబట్టి మన ‘అట’ గురించి నాలుగు మాటలు. ‘రాజు చనిపోయాడు’ అంటే ఆ మాటకి చెప్పేవాడిదే పూచీ. ‘చనిపోయాడట’ అంటే విన్నదే చెబుతున్నాడు, చూడలేదు. చరిత్ర పాఠం మొదటి పద్ధతిలో నడుస్తుంది, కథ రెండో పద్ధతిలో.

ఇప్పుడు ‘ఇతిహాసం’ చూడండి. ఇతి, హ, ఆస అని విడదీస్తారు. ‘ఇతి’ అంటే ‘ఇలా’. ‘హ’ నొక్కి చెప్పే మాట, మన ‘సుమా’ లాంటిది. ‘ఆస’ అంటే ‘జరిగింది’, సంస్కృతంలో లిట్ అనే భూతకాల రూపం. ‘పరోక్షే లిట్’ అన్నాడు పాణిని, అంటే చెప్పేవాడు కళ్లారా చూడని గతానికి వాడేది. దాదాపు మన ‘అట’. ఒకే మాటలో ‘ఇలా జరిగింది సుమా’ అనే గట్టి నమ్మకం, ‘నేను చూడలేదు’ అనే ఒప్పుకోలు రెండూ ఉన్నాయి! నాకిది ఎంత అపురూపంగా అనిపిస్తుందో చెప్పలేను. ఈ నవలలు చేసే పని కూడా ఇదే.

సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ (1981)లో కథ చెప్పే సలీం గాంధీ హత్య తేదీని తప్పు చెబుతాడు. తర్వాత తనే గమనిస్తాడు, అయినా దిద్దడు. గాంధీ 1948 జనవరి 30న చనిపోయారని పాఠకుడికి తెలుసు. అందుకే ఆ తప్పు పనిచేస్తుంది. చరిత్రని కొట్టిపారేయడం కాదది. ఒక మనిషి జ్ఞాపకం చరిత్రని ఎలా మోస్తుందో చూపడం.

వ్యాఖ్య: అన్నిటికీ ‘అట’ తగిలిస్తే, జరిగిన ఘోరాలు జరగలేదనేవాళ్లకి దారి ఇచ్చినట్టు కాదా అండీ?

జవాబు: మీ భయం న్యాయమైనదే. అయితే ‘అట’ ఎవరి మాటకి తగులుతోందో చూడాలి. 1928 డిసెంబరులో కొలంబియాలోని సియెనగాలో, సమ్మె చేస్తున్న అరటి తోటల కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలలేదు. కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ నవల ‘వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్’ (1967)లో ప్రాణాలతో బయటపడిన హోసే అర్కాదియో సెగుందో మూడు వేల మందికి పైగా చనిపోయారంటాడు. ఊళ్లోవాళ్లేమో ఎవరూ చావలేదంటారు, సర్కారు మాటా అదే. ఆ మూడు వేలు నవలలోని అంకె, రికార్డుల్లోది కాదు. కానీ శవాలు నింపిన రైల్లో కళ్లు తెరిచినవాడు అతనొక్కడే. అంటే వింతలు నిండిన ఆ కథలో చూసి చెబుతున్నవాడు అతను, విన్నది చెబుతున్నది సర్కారు పక్షం. తెలుగులో రాస్తే నేను ‘ఎవరూ చావలేదట’ అని ఊళ్లోవాళ్ల చేత అనిపిస్తాను, అతని వాక్యంలో మాత్రం ‘అట’ పడనివ్వను.